సలోమి బల్ల మీది మానిటర్

వెడల్పు మానిటర్ వచ్చి సలోమి బల్ల మీద కూర్చున్న రోజు నుంచి మాలకొండయ్యకు తిన్నది ఒంటబట్టలేదు.

ఇంట్లో భార్య అడిగితే పైత్యం అన్నాడు. పైత్యానికి నిమ్మకాయ ఉంది. దీనికి ఏ కాయా లేదు.

కందుకూరులో పామూరు రోడ్డు మలుపు మీద ఉంది ఆ ఫొటో స్టూడియో. యజమాని దస్తగిరి. ఊళ్ళోవాళ్ళు సాయిబుగారంటారు, పని నేర్చుకున్నవాళ్ళు మాస్టారంటారు. రీళ్ళ కాలంలో నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మొహాలు దిద్దేవాడు. ఆయన చెయ్యి పడిన మొహాన్ని మళ్ళీ ఇంకొకరు ముట్టుకోవాల్సిన పని ఉండేది కాదు. చదువు సంతకం వరకే. ఆ సంతకం కూడా తొందరపెడితే చెయ్యడు.

పనిలో ఎంత కచ్చితమో పట్టింపులోనూ అంతే. వెనకటికి ఒక పెళ్ళిలో ఆయన బావమరిది సరదాపడి కెమెరా అడిగి తీసుకుని, సరిగ్గా పెళ్ళికూతురు కళ్ళు మూసుకున్నప్పుడు నొక్కాడు. ఆ పెళ్ళికూతురికి ఇప్పుడు మనవలున్నారు. మాస్టారు బావమరిదితో ఇంకా మాట కలపలేదు.

ఆయన దగ్గర తిట్లు పడొచ్చు. దులుపుకుని పోవచ్చు. మనసులోంచి జారితే మాత్రం మళ్ళీ ఎక్కడానికి నిచ్చెన లేదు. ఈ సంగతి మాలకొండయ్యకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఎందుకంటే అతను పెద్ద శిష్యుడు. చీకటి గదిలో మందునీళ్ళ పళ్ళాలు కడగటం దగ్గర మొదలుపెట్టాడు. రీళ్ళు పోయి మెమరీ కార్డులు వచ్చినా, కార్డులతో పాటు కంప్యూటర్లు వచ్చినా మాస్టారి వెనకే నిలబడ్డాడు. పొద్దున్నే షట్టరు లేపేది అతనే. మాస్టారికి కొడుకుల్లేరు. కూతుళ్ళిద్దరూ అత్తారిళ్ళల్లో ఉన్నారు. రేపు ఆ కుర్చీ ఎవరిదంటే ఊరంతా మాలకొండయ్య వైపే చూస్తుందని మాలకొండయ్య నమ్మకం.

సలోమి వచ్చింది మొన్న మొన్న. గుడ్లూరు పిల్ల. మొదట పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించడానికి పెట్టుకున్నారు. ఆడపిల్ల కాబట్టి పెళ్ళికూతురి గదిలోకి కెమెరాతో పోనిచ్చేవాళ్ళు. పోయిన చోటల్లా ఆడవాళ్ళు "మళ్ళీ ఆ అమ్మాయినే పంపండి" అనడం మొదలుపెట్టారు. తరవాత రంగులు సరిచేసే పని నేర్చుకుంది. నేర్పింది మాలకొండయ్యే. మెట్లు చూపించినవాడికి, ఎక్కినవాళ్ళు పైన కనపడితే మెడ నొప్పి పుడుతుంది.

మానిటర్ బిగించడానికి వచ్చిన మెకానిక్ అట్టపెట్టె విప్పుతూ "యాడ పెట్టమంటారు?" అని అడిగాడు. మాలకొండయ్య అప్పటికే తన బల్ల మీది పాత మానిటర్ వైర్లు పీకి, గుడ్డ పెట్టి చోటు తుడిచి ఉంచాడు.

"అమ్మాయి బల్ల మీద పెట్టు" అన్నాడు మాస్టారు.

అంతే. ఎందుకో చెప్పలేదు. ఆయన ఎప్పుడూ ఎందుకో చెప్పడు.

మాలకొండయ్య పీకిన వైర్లన్నీ మళ్ళీ తనే పెట్టుకున్నాడు. అతని మానిటర్ పాతకాలపు చదరం రకం. వీడియో పెడితే పైనా కిందా నల్లటి పట్టీలు వచ్చి, నడుమ బొమ్మ నడికట్టులాగా సన్నగా కనపడేది. ఇన్నేళ్ళూ దాంట్లోనే పని చేశాడు. ఏనాడూ తక్కువ అనిపించలేదు. ఆ రోజు అనిపించింది.

మెకానిక్ మాటకారి. పని చేస్తూ చెబుతూనే ఉన్నాడు.

"తెర అంటే చుక్కలన్నా. దీంట్లో అడ్డంగా పంతొమ్మిది వందల ఇరవై, నిలువుగా వెయ్యీ ఎనభై. ఫుల్ హెచ్‌డీ వీడియోలో కూడా సరిగ్గా అన్నే. చుక్క మీద చుక్క కూర్చుంటది. నీ దాంట్లో చుక్కలు తక్కువ. అది కూడా చూపిస్తది, కాకపోతే నొక్కి, కుదించి చూపిస్తది. అట్టాగే ఈ పెద్దదాన్ని చిన్నదానిలాగా ఉండమని చెప్పావనుకో, ఇక్కడ సెట్టింగులో ఒక్క మాట మారిస్తే చాలు, అట్టాగే ఉంటది పాపం. అలగదు."

సలోమి టీ గ్లాసులు కడగడానికి వెనక్కి పోయి ఉంది. విన్నది మాలకొండయ్య ఒక్కడే.

*

నాలుగు రోజులు ఓర్చుకున్నాడు. ఐదో రోజు మాస్టారు వక్క నములుతూ తీరుబడిగా ఉన్నప్పుడు దగ్గరికి పోయాడు.

"మాస్టారూ, ఒక అనుమానం."

"ఊఁ."

"హెచ్‌డీ అనేది టీవీల సంగతి గదా. కంప్యూటర్ మానిటర్‌కి హెచ్‌డీ వీడియో చూపించే శక్తి ఉంటదా అని. టీవీ షాపాయన ఉండదంటన్నాడు."

"నువ్వేమంటావు?"

"ఉండదనే అనుకుంటన్నా."

"అనుకోవటానికి కళ్ళెందుకురా. అమ్మాయి బల్ల కాడికి పొయ్యి చూసిరా."

పోయి చూశాడు. సలోమి ఎవరిదో పెళ్ళి వీడియో ముందుకూ వెనక్కీ జరుపుతోంది. తలంబ్రాల ఘట్టం. బియ్యపు గింజలు ఒకటొకటీ విడివిడిగా గాల్లో ఉన్నాయి. పెళ్ళికూతురి చీర అంచులో జరీ పోగులు లెక్కపెట్టచ్చు. పురోహితుడి ముక్కు మీద చెమట బొట్టు జారడానికి సిద్ధంగా ఉంది. దాంట్లో దీపం కూడా కనపడుతోంది.

"బాగుంది గదన్నా" అంది సలోమి, పక్కకు జరిగి చోటిస్తూ. "కూర్చో. నువ్వు కూడా చూడు."

ఆ జరిగి చోటివ్వడం ఉంది చూశారూ, అది ఇంకా మండించింది. అతను కూర్చోలేదు.

మాస్టారి దగ్గరికి వచ్చి "పెద్ద తేడా ఏం లేదు మాస్టారూ. పేరుకే" అన్నాడు.

మాస్టారు నమలడం ఆపి, అతని మొహం వైపు కాసేపు చూశాడు.

"అట్నా" అన్నాడు. మళ్ళీ నమలడం మొదలుపెట్టాడు.

అబద్ధం ఒంటరిగా ఉండలేదు. తోడు కోరుతుంది. అన్నాడు కాబట్టి అది నిజం కావాలి. ఆ వారమే సలోమి వాళ్ళమ్మను తీసుకుని ప్రార్థన కూటాలకని ఒంగోలు వెళ్ళింది. మర్నాడు పొద్దున మాలకొండయ్య షట్టరు లేపి, ఊదొత్తి వెలిగించి, తిన్నగా పోయి సలోమి కుర్చీలో కూర్చున్నాడు. తలంబ్రాల వీడియో తెరిచిపెట్టి, మెకానిక్ చెప్పిన చోటు వెతికాడు. చుక్కల లెక్క ఒక మెట్టు దించాడు. బాగా దించితే గుర్తుపడతారు. ఒక్క మెట్టే.

తెర ఒకసారి నల్లబడి మళ్ళీ వచ్చింది. జరీ పోగులు కలిసిపోయాయి. ముక్కు మీద చెమట బొట్టు ఉత్త మెరుపైపోయింది.

అప్పుడు లేచి, కడుపునిండా రెండు ఇడ్లీలు తిన్నాడు.

*

సలోమి తిరిగొచ్చి కూర్చోగానే కళ్ళు నులుముకుంది.

"అన్నా, అక్షరాలు కాస్త లావయినట్టుండయ్యే. బొమ్మ కూడా అలుక్కుపోయినట్టుంది."

"రెండ్రోజులు ఎండలో తిరిగొచ్చావు. కళ్ళు అలిసినయ్యేమో" అన్నాడు మాలకొండయ్య, తల ఎత్తకుండా.

అతను ఆ మాట అప్పటికి గడవడానికి అన్నాడు. తప్పించుకునేవాడు చేతికి ఏది దొరికితే అది విసురుతాడు. అది ఎక్కడ తగులుతుందో చూడడు.

సలోమికి తగిలిన చోటు వేరు. వాళ్ళ నాయనకు నలభై నిండకముందే చూపు పోయింది. కళ్ళ వెనక నరం ఎండిందన్నారు. గోడ పట్టుకుని నడిచే నాయనను చూస్తూ పెరిగింది. మాలకొండయ్య ఆ మాట అన్న రోజు నుంచి ఆ పిల్ల తెర ముందు కూర్చుంటే వీడియో చూడటం మానేసి తన కళ్ళను చూసుకోవడం మొదలుపెట్టింది.

ఆ స్టూడియోలో ఒక కట్టుబాటు ఉంది. ఏ పెళ్ళి వీడియో అయినా పార్టీ చేతికి ఇచ్చే ముందు అందరూ కూర్చుని మొదటి నుంచి చివరి దాకా శబ్దం తీసేసి చూడాలి. దాన్ని మూగచూపు అంటారు. "సన్నాయి వినపడతంటే కన్ను గుడ్డిదవుద్దిరా" అనేవాడు మాస్టారు. తప్పు కనపడినవాడు ఆపమనాలి, అదేమిటో తన నోటితో చెప్పాలి. చూసీ చెప్పకపోవడం, చూడకపోవడం కన్నా పెద్ద తప్పు. మూగచూపు ఎప్పుడూ మాలకొండయ్య బల్ల దగ్గర, ఆ చదరం మానిటర్ మీదే. అది మాలకొండయ్యకు మిగిలిన గౌరవం.

సలోమి సరిచేసిన మరుసటి పెళ్ళి మూగచూపుకి వచ్చింది. బొమ్మ నడుస్తోంది. మాస్టారు చెయ్యెత్తాడు.

"ఆపు. మొహాలు పీచుతో తోమినట్టుండయ్యేంది?"

నిజమే. తన తెర మీద మసకగా కనపడుతోంది గదా అని సలోమి పదును ఎక్కువ చేసింది. మసక తెరది, వీడియోది కాదు. పదును పెరిగి ప్రతి మొహమూ గీరుకుపోయింది. పెళ్ళికూతురు మొటిమలు లేని పిల్ల. వీడియోలో మాత్రం మొటిమలున్నట్టే ఉంది.

"మళ్ళీ చేస్తా మాస్టారూ" అంది సలోమి.

మళ్ళీ చేసింది. ఈసారి భయపడి పదును తగ్గించింది. అదీ కుదరలేదు. మూడోసారి మాలకొండయ్య చేశాడు. కుదిరింది.

"నేను ముందే అన్నా మాస్టారూ. మానిటర్లో హెచ్‌డీ నిలబడదు. ఎంత పెద్దదయితే ఏం లాభం" అన్నాడు.

మాస్టారు సలోమి బల్ల దగ్గరికి పోయి, ఆ తెర ముందు కాసేపు నిలబడ్డాడు. ముందుకు వంగాడు. వెనక్కి జరిగాడు. చూపుడువేలితో తెర అంచు తట్టాడు, పుచ్చకాయ తట్టినట్టు. నమాజుకి టైమయిందని వెళ్ళిపోయాడు.

సాయంత్రం సలోమి మాలకొండయ్య బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నా, నీకొక్కడికే చెబుతన్నా. మాస్టారికి చెప్పబాక. కళ్ళ డాక్టరు కాడికి పోయొచ్చా. బానే ఉన్నయ్యన్నాడు. మా నాయనకి కూడా మొదట్లో బానే ఉన్నయ్యన్నారు."

మాలకొండయ్య చేతిలో మౌసు ఉంది. రెండు బల్లల నడుమ నాలుగడుగుల దూరం. సెట్టింగు మార్చడానికి అన్నం మెతుకు నమిలినంత సేపు పట్టదు.

"ఏం కాదులే. బాగా నిద్రపో" అన్నాడు.

"నువ్వు గాబట్టి చెప్పుకున్నా అన్నా."

ఆ మాట అతని వెంట ఇంటికొచ్చింది. అన్నం ముందు కూర్చుంది. భార్య "పైత్యం తగ్గలేదా?" అంది.

*

పొగాకు వ్యాపారి ఒకాయన కూతురి పెళ్ళి వచ్చింది. ఆ ఏడాదికి అదే పెద్ద పెళ్ళి. వీడియో కూర్పు పని మాస్టారు మాలకొండయ్యకు ఇచ్చాడు. సలోమిని కెమెరా వరకే ఉండమన్నాడు.

కోరుకున్నది ఒళ్ళో పడింది. మాలకొండయ్య కొత్త చొక్కా తొడుక్కుని పెళ్ళికి పోయాడు.

పోతే ఏముంది. మండపంలో అడుగుపెట్టింది మొదలు "సలోమీ ఇట్రా, సలోమీ పిల్లకి జడ సర్దు, సలోమీ టిఫిన్ తిన్నావా" ఇదే గోల. పెళ్ళికూతురి తల్లి అయితే తలంబ్రాలు జరుగుతుండగానే పళ్ళెంలోంచి లడ్డూ విరిచి, రెండు చేతులా కెమెరా పట్టుకున్న సలోమి నోట్లో పెట్టింది. మాలకొండయ్య వాళ్ళ వెనకే ఉన్నాడు. అతని చేతిలోనూ కెమెరా ఉంది. అతని నోరూ ఖాళీగానే ఉంది.

ఇంత జరిగాక కూడా ఆ పిల్లదే పైచెయ్యి అనుకున్నాడు.

కూర్పు చేసేటప్పుడు రేయీ పగలూ చూశాడు. పెళ్ళికొడుకుని చూశాడు, పెళ్ళికూతుర్ని చూశాడు, మంగళసూత్రం చూశాడు. కొంత వీడియో స్టాండు మీద పెట్టి వదిలేసిన మూడో కెమెరాది. దాని వెనక మనిషి ఉండడు. అది ఎదురుగా ఏముంటే అది తీసుకుంటూ పోతుంది. తలంబ్రాల దగ్గర ఆ ముక్క బాగా అతికిందని వాడుకున్నాడు.

మూగచూపు రోజు పొద్దున సలోమి మాస్టారి ముందు నిలబడింది.

"మాస్టారూ, నెలాఖరుకి మానేస్తాను. బట్టల షాపులో కౌంటరు పని ఉందన్నారు."

"ఎందుకమ్మా?"

"నా కళ్ళు ఈ పనికి చాలవు మాస్టారూ. మా నాయన సంగతి మీకు తెలుసు గదా. మీ షాపుకి మాట వచ్చేలోపు పోతా."

మాలకొండయ్య వైర్లు సర్దుతున్నట్టు బల్ల కిందికి వంగాడు. సర్దడానికి అక్కడ ఏమీ లేదు.

మాస్టారు కుర్చీ లాక్కున్నాడు.

"ముందు చూడనీ. తరవాత మాట్లాడుకుందాం" అన్నాడు.

ముగ్గురూ చదరం మానిటర్ ముందు కూర్చున్నారు. శబ్దం తీసేశారు. స్నాతకం అయింది. కాశీయాత్ర అయింది. జీలకర్ర బెల్లం అయింది. మాస్టారు నోరు మెదపలేదు. మాలకొండయ్యకు ఊపిరి ఆడింది. తలంబ్రాలు మొదలయ్యాయి.

"ఆపు" అన్నాడు మాస్టారు.

ఆగింది. స్టాండు కెమెరా తీసిన ముక్క. వధూవరులు ఒక పక్కకు ఉన్నారు. ముందు పెళ్ళికూతురి తల్లి సలోమి నోటికి లడ్డూ అందిస్తోంది. వాళ్ళిద్దరి తలల నడుమ, సరిగ్గా తెర మధ్యలో, కెమెరా కిందికి దించుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఆ పాత తెర మీద మొహం చింతగింజంత ఉంది.

"తప్పేందో చెప్పు."

మాలకొండయ్య మౌసు వైపు చెయ్యి చాపాడు.

"కెమెరావాడు బొమ్మలో పడ్డాడు మాస్టారూ. గమనించలా. ఇప్పుడే కోసేస్తా."

"కొయ్యబాక. అమ్మాయి తెర మీద పెట్టు. చూద్దాం."

"అక్కడెందుకు మాస్టారూ, ఇక్కడ కనపడతనే ఉంది గదా."

"పెట్టరా."

పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని నాలుగడుగులూ నడిచాడు. సలోమి కుర్చీలో కూర్చున్నాడు. ముక్క వెతికి అక్కడే ఆపాడు. బొమ్మ పెద్దగా వచ్చింది. మసకగా వచ్చింది. మొహం ఉంది, మొహంలో ఏముందో లేదు.

మాస్టారు అతని భుజం వెనక నిలబడ్డాడు. సలోమి ఆ పక్కన నిలబడింది.

"మసకగా ఉంది" అన్నాడు మాస్టారు.

"నాకు రోజూ అట్టాగే ఉంటది మాస్టారూ" అంది సలోమి నెమ్మదిగా. "మీకూ మసకగానే ఉందా?"

ఆమె గొంతులో ఆశ ఉంది. మాలకొండయ్య విన్నాడు.

"కొండయ్యా."

"మాస్టారూ."

"తేట చెయ్యి."

బయట రోడ్డు మీద పామూరు బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. మాలకొండయ్య తెర వైపే చూస్తున్నాడు. నాకు రాదు మాస్టారూ అనచ్చు. మానిటర్లో ఇంతకన్నా రాదు అనచ్చు. ఆ మాట ముందునుంచీ అంటూనే ఉన్నాడు, ఇప్పుడు అంటే కొత్తగా ఉండదు. మెకానిక్‌ని పిలుద్దాం అనచ్చు. మాస్టారికి ఇంగ్లీషు అక్షరం రాదు. సలోమి తన కళ్ళనే అనుమానిస్తోంది గానీ అన్నను అనుమానించడం ఆమెకు తెలియదు. అనడానికి బోలెడు మాటలున్నాయి.

భుజం వెనక ఆయన ఊపిరి వినపడుతోంది. తొందర లేదు దానికి. చీకటి గదిలో, మందునీళ్ళలో వేసిన కాగితం మీద బొమ్మ ఎప్పుడు తేలుతుందా అని ఎదురుచూసేటప్పుడు కూడా ఆ ఊపిరి ఇట్టాగే ఉండేది.

మాలకొండయ్య చెయ్యి మౌసు మీదికి పోయింది. వీడియో పక్కకు జరిపాడు. సెట్టింగు తెరిచాడు. వెతకలేదు. తిన్నగా ఆ చోటికే పోయాడు. తిన్నగా పోవడం సలోమి చూసింది.

ఒక మెట్టు పైకి నొక్కాడు.

తెర నల్లబడింది. మళ్ళీ వచ్చింది. బొమ్మ మధ్యలో ఒక చిన్న పెట్టె లేచి, ఆ మనిషి మొహాన్ని కప్పేసింది. పెట్టెలో ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. ఒక అంకె క్షణక్షణానికీ తగ్గుతోంది.

"ఏమంటంది అది?" అన్నాడు మాస్టారు.

"అడుగుతంది మాస్టారూ."

"ఏమని?"

"ఈ మార్పు ఇట్టాగే ఉంచాలా, ముందటి మాదిరిగా చెయ్యాలా అని. ఏమీ చెప్పకపోతే దానంతటదే ముందటి మాదిరికి పోతది."

అంకె తగ్గుతోంది. మాలకొండయ్య తల తిప్పి మాస్టారి వైపు చూశాడు.

"నాకేసి చూస్తావేందిరా" అన్నాడు మాస్టారు. "నిన్ను గదా అది అడిగేది."

మాలకొండయ్య మళ్ళీ తెర వైపు తిరిగాడు. ఉంచమని నొక్కాడు.

పెట్టె తొలగిపోయింది.

దాని వెనక అతని మొహమే ఉంది. లడ్డూ మీది జీడిపప్పు ఎంత తేటగా ఉందో అదీ అంత తేటగా ఉంది. కింది పెదవి పళ్ళ కింద పడి తెల్లబారింది. దవడ పక్కన నరం లేచింది. ఆ పెళ్ళిలో అందరి కళ్ళూ వధూవరుల మీద ఉన్నాయి. ఆ రెండు కళ్ళు మాత్రం ఒక ఆడపిల్ల నోట్లో పడబోతున్న లడ్డూ మీద ఉన్నాయి.

మాలకొండయ్య చూశాడు. ఇన్నేళ్ళుగా ఎన్ని మొహాలు చూశాడో లెక్కలేదు. తన మొహాన్ని ఇంత తేటగా ఎప్పుడూ చూడలేదు.

సలోమి వీడియోలో తనను తాను చూసుకోవడం లేదు. పెళ్ళికూతురి చీర అంచు దగ్గర చూపు పెట్టింది. జరీ పోగులు. ఒకటి. దాని పక్కన ఇంకొకటి. ఒక కన్ను మూసి చూసింది. ఆ కన్ను తెరిచి రెండోది మూసి చూసింది.

"అన్నా" అంది. "నాకు కనపడతందన్నా."

"నీ కళ్ళకేం కాలేదు సలోమీ" అన్నాడు మాలకొండయ్య. తెర మీంచి చూపు తిప్పుకోకుండా అన్నాడు. "నువ్వు కూటాలకి పోయినప్పుడు నేనే మార్చా."

సలోమి వెనక్కి రెండడుగులు వేసి, గోడకు ఆనుకుని, అరచేతుల్లో మొహం పెట్టుకుంది. ఏడుస్తోందో, చూపును దాచుకుంటోందో తెలియలేదు.

మాలకొండయ్య కుర్చీలోంచి లేచాడు. జేబులో చెయ్యి పెట్టి షట్టరు తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. మాస్టారి బావమరిది అతనికి గుర్తొచ్చాడు. ఈయన గుమ్మం తొక్కక ఎన్నేళ్ళయిందో.

"ఆ మొహం నాకు ఆ చదరం దాంట్లోనే కనపడిందిరా" అన్నాడు మాస్టారు.

సలోమి దగ్గరికి పోయి, తల మీద చెయ్యి వేసి, ఒక నిమిషం అట్టాగే నిలబడ్డాడు. తరవాత గుమ్మం దాకా నడిచి, ఎదుటి కొట్టు వైపు మూడు వేళ్ళు ఎత్తి మూడు టీలు చెప్పాడు.

వెనక్కి తిరిగి చూస్తే మాలకొండయ్య ఇంకా నిలబడే ఉన్నాడు. తెర మీద ఆ మొహం ఇంకా ఉంది.

"కూర్చోరా" అన్నాడు. "ఇప్పుడు కొయ్యి."